ట్యాంకులో నీలిమందు

సాయిబాబు చేసిన తప్పు ఒక్కటే. వాసన చూడలేదు.

ఫిబ్రవరి పన్నెండు. ఉదయం ఆరూ నలభై. అల్లవరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, రొయ్యల చెరువులు పూడ్చి వేసిన రన్‌వే మీద కిలో రోమియో అనే రెండు సీట్ల శిక్షణ విమానం నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళ సాయిబాబు రెక్క కింద వంగి, ట్యాంకు అడుగునున్న వాల్వుకి చిన్న ప్లాస్టిక్ గ్లాసు నొక్కి పెట్టాడు. గ్లాసు నిండింది. దాన్ని ఆకాశం వైపు ఎత్తి చూశాడు.

లేత నీలం.

విమానం పెట్రోలుకి గుర్తు కోసం నీలం రంగు కలుపుతారు. అందులో నీళ్ళు చేరితే బరువుకి అడుగున నిలుస్తాయి. గ్లాసులో పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. సాయిబాబుకి గీత కనపడలేదు. గ్లాసంతా ఒకటే నీలం. తృప్తిగా తల ఊపి ఎక్కి కూర్చున్నాడు.

విమానం నేల విడిచిన నలభయ్యో సెకనులో ఇంజన్ దగ్గింది. మళ్ళీ అందుకుంది. మరోసారి దగ్గింది. మూడోసారి ఆగిపోయింది.

ఎత్తు రెండువందల యాభై అడుగులు. ఎదురుగా కొబ్బరి తోట. ఎడమవైపు రొయ్యల చెరువులు. చెరువు గట్టు మీద దింపుదామనుకున్నాడు. మంచి నిర్ణయమే. కానీ పిట్టలు వాలకుండా చెరువుల మీద ఈ చివర నుంచి ఆ చివరకి కట్టిన నైలాన్ దారాలు, ఎండలో కంటికి కనపడనివి, ముందు చక్రాన్ని పట్టుకున్నాయి.

మూడు నెలల తర్వాత రిపోర్టు వచ్చింది. 'ఇంధనంలో నీరు. బయలుదేరే ముందు ట్రైనీ ఇంధనం పరీక్షించకపోవడమే ప్రమాదానికి కారణం.'

ఆ వాక్యాన్ని సాయిబాబు అక్క యామిని నాలుగుసార్లు చదివింది. ఐదోసారి చదవలేదు. సెలవు పెట్టింది.

* * *

మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో నిత్యకల్యాణం జరుగుతోంది. పెళ్ళి కావలసినవాళ్ళతో, వాళ్ళ మేనత్తలతో మండపం కిటకిటలాడుతోంది. కంచిపట్టు చీర, చేతిలో పూలబుట్టతో ఒక పెద్దావిడ యామిని పక్కన చతికిలబడింది.

"ఇక్కడ పనసాకు పొట్టిక్కలు ఎక్కడ దొరుకుతాయండీ?"

"పనసాకులు ఎండిపోయేయండీ. వచ్చేవారం రండి."

కోడ్ సరిపోయింది. పెద్దావిడ పూలు సర్దుకుంటూ గొంతు తగ్గించింది. "సెలవు కేన్సిల్."

ఆవిడ రాజ్యలక్ష్మి. నిఘా బ్యూరోలో తీరప్రాంత విభాగం అధిపతి. యామిని ఆవిడ దగ్గర తొమ్మిదేళ్ళుగా ఏజెంటు. తమ్ముడు పోయిన రోజున యామిని కొలంబోలో మారుపేరుతో ఒక హోటల్లో రిసెప్షనిస్టు. అంత్యక్రియలకి కూడా రాలేకపోయింది.

"సొంత పగ ఉన్నవాళ్ళని మిషన్‌కి పంపకూడదని రూలు. అది రాసింది నేనే. ఇవాళ నేనే చింపేస్తున్నాను. ఏదీ, గ్లాసు?"

యామిని రుమాలు విప్పింది. కిలో రోమియో పడిన చెరువు యజమాని పెదబాబు బురదలోంచి తీసి ఇంటికి తెచ్చి ఇచ్చిన గ్లాసు అది. అడుగున ఎండిన నీలం చార.

"పెట్రోలు రంగైతే ఆరిపోయాక ఇలా మరకవ్వదు మేడమ్. రెండు చుక్కల నీళ్ళు పోశాను. మళ్ళీ నీలం దిగింది."

"మొన్న నువ్వు గ్లాసులోంచి గీకి పంపిన నీలం పొడి మీద లాబ్ రిపోర్టు వచ్చింది. నీలిమందు. బట్టలకి పెట్టేది. ట్యాంకులో నీళ్ళు పోసి, తెలియకుండా వాటికి రంగు వేశారు. గ్లాసంతా నీళ్ళే అయితే గీత ఎక్కడ కనపడుతుంది? నీలిమందు సంగతి లాబ్‌కీ, నీకూ, నాకూ, మన మరో మనిషికీ తెలుసు. ఇంకొకడికి తెలుసు. పోసినవాడికి."

"కెప్టెన్ విజయకుమార్."

"కావచ్చు. మెకానిక్ కావచ్చు. ముందు పని విను."

మండపంలో మంగళవాద్యం అందుకుంది. ఆ హోరులోనే బ్రీఫింగ్ పూర్తయింది. విదేశీ ముఠా. కోడ్ పేరు కోరల్. మన తీరంలో రాడార్లు చూడలేని జాగాల మ్యాప్ ఒక చిన్న డిస్క్‌లో వాళ్ళకి చేరబోతోంది. చేర్చేది డెల్టా వింగ్స్ ఫ్లయింగ్ అకాడమీ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ విజయకుమార్. కొత్తపేటలో పుట్టి, పద్దెనిమిదేళ్ళు గల్ఫ్‌లో ఎగిరి వచ్చినవాడు. డిస్క్‌ని కొబ్బరికాయలో సీల్ చేస్తారు. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ చేపల ఓడ పక్కన పడేస్తారు. కొబ్బరికాయ తేలుతుంది. కోనసీమ సముద్రంలో తేలే కొబ్బరికాయని ఎవరు అనుమానిస్తారు?

"పడేసేవాడు కిటికీలోంచి వంగాలి. అంటే నడపడానికి ఇంకొకరు ఉండాలి" అంది యామిని.

"అందుకే ఎప్పుడూ ఒక ట్రైనీని తీసుకెళ్తాడు. లో లెవెల్ నేవిగేషన్ అని పేరు. జనవరిలో మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళాడు. తమ్ముడు ఏదో చూశాడు. ఆఫీసులో ఎవరినో అడిగాడు."

యామిని గ్లాసుని మళ్ళీ రుమాల్లో చుట్టింది.

"డిస్క్ కావాలి. వాడు ప్రాణాలతో కావాలి" అంది రాజ్యలక్ష్మి లేస్తూ. "నేల మీద ఉండగా కాయ ఎవరి చేతిలో ఉంటుందో మాకు తెలీదు. గాల్లో పట్టుకోవాలి. అకాడమీ మేనేజర్ శ్రీవాణి మన మనిషి."

"నమ్మొచ్చా?"

"వాళ్ళ మనిషి కూడా."

* * *

యామిని, భీమవరం రొయ్యల ఎక్స్‌పోర్టర్ భార్య ఉమామహేశ్వరిగా అకాడమీలో చేరింది. పొట్టి జుట్టు, రిమ్‌లెస్ కళ్ళజోడు, వేలికి పచ్చల ఉంగరం. "మావారు కారు కొంటానన్నారండీ. నాకు విమానం కావాలన్నాను" అంటే అందరూ నవ్వారు.

కెప్టెన్ విజయకుమార్ తెల్లటి యూనిఫాం వేసేవాడు. నీలిమందు పెట్టి ఉతికిన తెలుపు, ఎండలో చూస్తే కళ్ళు చెదిరేది. మనిషి మర్యాదకి పెట్టింది పేరు. కుక్కని కూడా 'తప్పుకోండి' అంటాడని హాంగర్లో జోక్.

"ఉమగారూ, మొదటి పాఠమండీ. విమానం ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉండాలి. నేను తీసుకుంటే 'ఐ హావ్ కంట్రోల్' అంటాను. మీరు 'యూ హావ్ కంట్రోల్' అనాలి. అనేదాకా నేను వదలను, మీరూ వదలకూడదు. ఇది మాత్రం చచ్చినా మర్చిపోకూడదండీ."

"ఆయ్. మర్చిపోనండీ."

గొప్ప టీచర్. అదే యామినికి ఒళ్ళు మండేది. చేతులు బిగించకుండా స్టిక్ ఎలా పట్టుకోవాలో, ఎదురుగాలి రెక్క కిందకి దూరితే ఏం చెయ్యాలో, కొబ్బరి తలల మీద నుంచి దిగేటప్పుడు స్పీడు ఎలా కాచుకోవాలో వాడే నేర్పాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజున గోదావరి పాయ కింద వెండి తీగలా మెరిసింది. ఆ క్షణం ఆమె పొందిన సంతోషానికి ఆ రాత్రంతా తనని తాను తిట్టుకుంది. తమ్ముడు కూడా ఇదే చూసి ఉంటాడు. వీడి పక్కన కూర్చునే చూసి ఉంటాడు.

ఇంధనం పరీక్ష పాఠం రోజున ఆమె కళ్ళార్పకుండా విన్నది.

"మూడే చూడాలండీ. రంగు, గీత, చెత్త. అంతే."

సాయంత్రం మెకానిక్ నూకయ్యని అడిగింది. నూకయ్య అరవై ఏళ్ళవాడు. రోజూ మొదటి విమానం ముందు కొబ్బరికాయ కొట్టనిదే ప్రొపెల్లర్ని ముట్టుకోనివ్వడు.

"మూడేనా నూకయ్యగారూ?"

"నాలుగండీ. వాసన కూడా చూడాలండీ. పాతరోజుల్లో వేలికి రాసుకుని మరీ చూసేవోళ్ళం. ఈ ఏడు సంక్రాంతి వెళ్ళేక కెప్టెన్ గారు వద్దన్నారు. పెట్రోలు పీలిస్తే జబ్బులొస్తాయంట. పెద్దాయన చెప్పేక మనమేం అంటాం."

సంక్రాంతి వెళ్ళాక. సాయిబాబు ప్రశ్న అడిగింది జనవరి నెలాఖరులో. పది రోజుల్లో ఒక పాఠం చిన్నదైంది. పన్నెండో తేదీన ఒక మనిషి చచ్చిపోయాడు.

ఆ రోజు నుంచీ యామిని ఫ్లయింగ్ బ్యాగులో ఒక ఖాళీ సీసా ఉండేది. అమలాపురం కిరాణా కొట్లో కొన్నది. చిటికెన వేలంత నీలిమందు సీసా. అందులో మందుని కాలవలో పోసేసింది. బ్యూరో ఇస్తానన్న పెన్ కెమెరా, వాచ్ రికార్డర్ వద్దంది. ఈ సీసాని చూసి భయపడే మనిషి భూమ్మీద ఒక్కడే ఉంటాడు. అమాయకుడైతే కిటికీలోంచి విసిరేస్తాడు.

* * *

"రేపు ఉదయమే డ్రాప్" అంది శ్రీవాణి.

నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్ళజోడు, మనిషి కంటే పావుగంట ముందే వచ్చే సెంటు. హాంగర్ వెనక విమానం రెక్క నీడలో ఇద్దరే ఉన్నారు. అకాడమీ రేడియో గదిలో మైకు పట్టేది కూడా శ్రీవాణే. ఆ గొంతు కోసం ట్రైనీలు అనవసరంగా పొజిషన్ రిపోర్టులు ఇస్తారని పేరు.

"మంచిది. నేను సిద్ధం."

"నువ్వు కాదు. నాగసతీష్‌ని తీసుకెళ్తున్నాడు."

"ఎందుకు? నాకు ముప్పై ఎనిమిది గంటల ఎక్స్‌పీరియన్స్ ఉంది. సతీష్‌కి ఇరవై."

"అందుకే. నీకు ఎక్కువ తెలుసు. వాడికి ఏమీ అర్థం కాదు." శ్రీవాణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఓడిపోయినట్టు మొహం పెట్టకు. ఆడాళ్ళ పగకి ఓపిక ఉండాలి."

"నీకెవరి మీదైనా పగ ఉందా శ్రీవాణీ?"

"నాకు రెండు ఉద్యోగాలున్నాయి. పగకి తీరిక ఎక్కడిది?" నవ్వి వెళ్ళిపోయింది.

మర్నాడు ఐదున్నరకి ఫోను.

"ఉమగారూ, ఇబ్బంది పెడుతున్నానండీ. సతీష్‌కి జ్వరమంట. ఓ గంటలో రాగలరా? ఇవాళ సముద్రం చూపిస్తాను."

"ఆయ్. వస్తున్నానండీ."

* * *

కిలో సియెర్రా. కిలో రోమియోకి అచ్చంగా జంట. యామిని ముందు లోపలికి వంగి, కుడివైపు తలుపు జేబులో ఎమర్జెన్సీ చెక్‌లిస్టు పక్కన సీసాని నిలబెట్టింది. తర్వాత రెక్క కింద గ్లాసు నింపింది. సాయిబాబు గ్లాసే అది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటుగా పెట్రోలు వాసన.

"చూస్తారాండీ?"

కెప్టెన్ గ్లాసుని చేత్తో కూడా పట్టుకోలేదు. దూరం నుంచే చూశాడు. "నీలం. గీత లేదు. చెత్త లేదు. బావుందండీ."

నూకయ్య బుట్టలోంచి కొబ్బరికాయ తీసి ముందు చక్రం దగ్గర కొట్టాడు. రెండు సమంగా విరిగాయి. బుట్టలో ఇంకో కాయ ఉంది. నూకయ్య దాని వైపు చెయ్యి చాపితే, కెప్టెన్ తనే వంగి తీసుకున్నాడు.

"ఇది అంతర్వేది స్వామికండీ. పైనుంచి సమర్పిస్తాను."

నూకయ్య లెంపలేసుకున్నాడు. యామిని సీటు బెల్టు బిగించుకుంది.

ఏడూ ఐదుకి నేల విడిచారు. నలభై సెకన్లు. యామిని లెక్కపెట్టింది. ఇంజన్ శుభ్రంగా పాడుతోంది. ఎడమవైపు చెరువుల్లో ఏరియేటర్లు తెల్లటి నురగ చిమ్ముతున్నాయి. వాటిలో ఒకటి తమ్ముడు పడినది. అటు చూడకూడదనుకుంది. చూసింది.

తోటలు అయిపోయాయి. సరుగుడు వరస. ఇసుక. సముద్రం.

"మూడువందల అడుగులకి దిగండి. అదిగో, ఆ నీలం ఓడకి ఎడమగా."

దిగింది. ఓడ డెక్ మీద ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపాడు. కెప్టెన్ ఒళ్ళో కొబ్బరికాయ. కుడిచేత్తో కిటికీ గడియ తీశాడు. గాలి హోరు లోపలికి దూకింది. హెడ్‌సెట్‌లో అతని గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా వినిపించింది.

"ఒక చిన్న మాటండీ, యామినీ గారూ."

స్టిక్ మీద ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఉమగారూ కాదు.

అతని ఎడమచేతిలో చిన్న నల్ల పిస్టల్. "రాత్రి శ్రీవాణి చెప్పింది. అందుకే సతీష్‌కి జ్వరం తెప్పించేను. మీ తమ్ముడి పోలికలు మీకు లేవండీ, ఎలా పట్టుకుంటాం? కాయ పడ్డాక మీరు కూడా దిగిపోదురుగాని. తలుపు తీస్తాను. ట్రైనీ భయపడి బెల్టు విప్పుకుందని రాస్తాను. మీ ఇంట్లో ఎవరికీ బెల్టులు, చెకింగులూ అచ్చిరావని అనుకుంటారు."

శ్రీవాణి. రెండు ఉద్యోగాల శ్రీవాణి.

ఓడ దగ్గరవుతోంది. మూడువందల మీటర్లు. రెండువందలు. కెప్టెన్ కాయని కుడిచేత్తో ఎత్తి, తల కిటికీ వైపు తిప్పాడు. పిస్టల్ ఇటే ఉంది. కళ్ళు మాత్రం అటు.

యామిని కుడిచేయి రెండంగుళాలు జరిగింది. ఇంజన్‌కి పెట్రోలు తగ్గించే ఎర్ర మిక్చర్ నాబ్. సగం లాగింది.

ఇంజన్ దగ్గింది.

కెప్టెన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. అప్పటికి నాబ్ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది, ఆమె చెయ్యి థ్రాటిల్ మీద ఉంది. ఇంజన్ మళ్ళీ అందుకుంది. కిందగా ఓడ జారిపోయింది. కాయ ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఏమైంది?"

"నాకేం తెలుసండీ? మీరే ఇన్‌స్ట్రక్టర్."

పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఇంజన్ దగ్గితే చెయ్యి చెక్‌లిస్టు మీదకి పోతుంది. కాయని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేయి తలుపు జేబులో పెట్టాడు. చెక్‌లిస్టుతోపాటు సీసా చేతికొచ్చింది.

చిటికెన వేలంత సీసా. ఖాళీ. అడుగున నీలం.

విజయకుమార్ మొహంలో రక్తం ఇంకిపోవడం యామిని చూసింది. ఐదు నెలలుగా ఆమె ఎదురు చూసింది దానికోసమే. అతను దాన్ని విసిరెయ్యలేదు. ఇదేంటని అడగలేదు. సీసాని చూస్తూ ఉండగా ఎర్ర నాబ్ మరోసారి కదిలింది.

రెండో దగ్గు.

"ఏం చేసేవ్?" అండీ పోయింది. "ఎంత పోసేవ్?"

"ఏం పోశానంటారు?"

"శ్రీవాణీ!" రేడియో బటన్ నొక్కి అరిచాడు. "శ్రీవాణీ, కిలో సియెర్రా! బోటు పంపించు! ఓడవాళ్ళకి చెప్పు! ఇంజన్ ఆగిపోతోంది, ట్యాంకుల్లో నీలిమందు నీళ్ళున్నాయి!"

రేడియోలో ఆ ప్రసిద్ధమైన గొంతు, తొణక్కుండా. "కిలో సియెర్రా, ఏ నీళ్ళన్నారండీ?"

"నీలిమందు! ఇది పోసింది!"

"నీలిమందు కలిపితే ఏమవుతుందండీ? నాకు అర్థం కావట్లేదు."

"బుద్ధి లేదా నీకు? గ్లాసులో కనపడదు! రెండుసార్లు దగ్గుతుంది, మూడోసారి ఆగిపోతుంది! సాయిబాబు విమానంలో నేను కలిపింది ఇదే కదా! అలాగే ఆగింది! బోటు పంపు!"

"కాపీడ్, కిలో సియెర్రా" అంది శ్రీవాణి. "ఫ్రీక్వెన్సీ మొత్తం రికార్డింగ్‌లో ఉందండీ. ఇంకోసారి చెప్పనక్కర్లేదు."

విజయకుమార్ పిస్టల్ని యామిని కణతకి ఆనించాడు. ఆ ఊపుకి ఒళ్ళోని కొబ్బరికాయ దొర్లింది. కాళ్ళ మధ్య నుంచి కిందకి పడి, ముక్కుని తిప్పే కుడి రడ్డర్ పెడల్ వెనక్కి దూరి బిగుసుకుంది. విమానం ముక్కు పక్కకి ఈడ్చుకుపోసాగింది.

"కాల్చండి" అంది యామిని, స్టిక్ మీది రేడియో బటన్ నొక్కి పట్టి. "మూడో దగ్గు ఎప్పుడొస్తుందో మీకే తెలుసు. సముద్రం మూడువందల అడుగుల కింద ఉంది. కాయ మీ కాళ్ళ దగ్గరే ఉంది. అది తీస్తారో, విమానం నడుపుతారో, నన్నే చంపుతారో తేల్చుకోండి. మూడు పనులకి రెండే చేతులు."

అతను పెడల్‌ని తన్నాడు. కదల్లేదు. ఇంజన్ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. నుదుటి మీద చెమట తెల్ల కాలరు మీదకి కారింది.

"ఒడ్డుకి తీసుకెళ్ళు."

"ఎవరి చేతిలో ఉందండీ విమానం? మొదటి పాఠం."

దంతాలు బిగించాడు. ఇంజన్ మామూలుగానే తిరుగుతోంది. అదే అతన్ని ఎక్కువ భయపెడుతోంది.

"యూ హావ్ కంట్రోల్" అన్నాడు. అలవాటు మీద పాత మర్యాద కూడా నోట్లోంచి జారింది. "...అండీ."

"ఐ హావ్ కంట్రోల్."

ఆమె ఎడమకి వాల్చింది. ఇసుక. సరుగుడు. తోటలు. అతను బెల్టు వదులు చేసుకుని, పిస్టల్ సీటు మీద పడేసి, కిందకి వంగాడు. రెండు చేతులతో కాయని లాగుతున్నాడు. రాలేదు. రన్‌వే కనపడింది. అడ్డంగాలి. రడ్డర్ లేకుండా దిగితే చక్రాలు పక్కకి తన్ని బోర్లా పడతారు. నాలుగువందల అడుగులు. మూడువందలు.

కుడివైపు పెదబాబు చెరువులు. పొద్దుటి ఎండలో నైలాన్ దారాలు సన్నగా మెరిశాయి.

ఆమె చెయ్యి అటు లాగింది. ఒక్క చిన్న కదలిక చాలు. వీణ్ణి ఆ దారాల్లోకే, ఆ గట్టు మీదకే, ఆ బురదలోకే. తనూ పోతుంది. పోనీ. కానీ వీడు చచ్చిపోతే మళ్ళీ ఒక రిపోర్టు వస్తుంది. అందులో కూడా ట్రైనీ తప్పే అని రాస్తారు.

"లాగండి!" అని అరిచింది. "మీ ప్రాణం మీకు కావాలంటే లాగండి!"

రెండువందలు. వంద. కొబ్బరి మట్టలు చక్రాలకి తగిలేంత దగ్గరగా జారిపోయాయి. టప్‌మని కాయ ఊడొచ్చింది. పెడల్ కాలికి అందింది. యామిని కుడికి తన్ని ముక్కుని తిన్నగా చేసిన మరుక్షణం చక్రాలు రన్‌వేని తాకాయి. ఒకటి. రెండు. మూడు.

నిండు గ్లాసులోంచి ఒక చుక్క ఒలకని ల్యాండింగ్. వాడు నేర్పినదే.

బ్రేకు వేశాక కూడా ఇంజన్ నెమ్మదిగా, ఆరోగ్యంగా తిరుగుతోంది. విజయకుమార్ కాయని పొట్టకి అదుముకుని దాన్ని విన్నాడు. ఒక నిమిషం విన్నాడు. సీటు వైపు చూశాడు. పిస్టల్ యామిని చేతిలో ఉంది.

"ట్యాంకుల్లో ఏముంది?"

"పెట్రోలండీ. మొదటి నుంచీ పెట్రోలే. పొద్దున్నే గ్లాసు చూపించాను కదా." ఆమె మిక్చర్ పూర్తిగా లాగి ఇంజన్ ఆపింది. "మీరు వాసన చూడలేదు."

* * *

కోస్ట్‌గార్డ్ ఆ నీలం ఓడని ఎనిమిదింటికి పట్టుకుంది. విజయకుమార్‌ని జీపు ఎక్కిస్తుంటే అతను కానిస్టేబుల్‌తో "కొంచెం జరగండి" అన్నాడు.

రేడియో గదిలోంచి రాజ్యలక్ష్మి, వెనకే శ్రీవాణి బయటికొచ్చారు. యామిని తిన్నగా శ్రీవాణి దగ్గరికి నడిచింది.

"నన్ను అమ్మేశావా?"

"నేను అమ్మమన్నాను" అంది రాజ్యలక్ష్మి. "నిన్ను వదిలించుకోవాలని అనిపిస్తే తప్ప సతీష్‌ని మార్చేవాడు కాదు. నీకు చెప్తే నీ మొహంలో కనపడేది. పగ ఉన్నవాళ్ళు నటించలేరు యామినీ. రూలు అందుకే రాశాను."

యామిని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పిస్టల్ నా కణతకి పెట్టాడు మేడమ్."

"విన్నాం. ఫ్రీక్వెన్సీలో చాలా క్లియర్‌గా వచ్చింది."

శ్రీవాణి కళ్ళజోడు తీసింది. మొదటిసారి ఆమె కళ్ళ కింద నిద్రలేని నలుపు కనపడింది. "జనవరిలో మీ తమ్ముడు అడిగింది నన్నే. కొబ్బరికాయలు సముద్రంలో ఎందుకు పడేస్తున్నారు మేడమ్ అని. ఏమీ లేదు, మొక్కు అని చెప్పాను. నవ్వుతూ వెళ్ళిపోయాడు. పక్క గదిలో వీడున్న సంగతి నాకు తెలీదు." ఆగింది. "పగకి తీరిక లేదన్నాను కదా. అబద్ధం."

ఇంతలో నూకయ్య ఆ కాయని చెవి దగ్గర ఊపి, గోటితో కొట్టి, మొహం చిట్లించాడు. ముందు చక్రం పక్కన రాయి మీద ఒక్కటి వేశాడు. మైనం ముద్దలోంచి బొటనవేలి గోరంత డిస్క్ బయటపడింది.

"నీళ్ళు లేవని చేత్తో పట్టుకుంటేనే తెలుస్తాదండీ" అన్నాడు బాధగా. "ఇలాంటి కాయ స్వామికి ఇస్తానంటారేటండీ, పెద్దమనిషై ఉండి!"

* * *

నెల తర్వాత రిపోర్టు మారి వచ్చింది. కొత్త వాక్యాన్ని యామిని ఒక్కసారే చదివింది. 'ట్రైనీ ఇంధనం పరీక్షించాడు. ఇది హత్య.' దాన్ని మడిచి, సాయిబాబు గ్లాసులో పెట్టింది.

తర్వాత రాజమండ్రి జైలుకి వెళ్ళింది. ఇనుప జాలీ అవతల విజయకుమార్ ఖైదీ బట్టల్లో కూర్చున్నాడు. తెలుపే, కానీ నీలిమందు పెట్టిన తెలుపు కాదు. ఆమె జాలీ కింది నుంచి తన పైలట్ లాగ్‌బుక్ తోసింది.

"ఆ రోజు ఫ్లైట్‌కి సంతకం పెట్టలేదు మీరు. అది లేకపోతే నా గంటలు లెక్కకి రావు."

అతను ఆ పేజీని చూశాడు. పెన్ను తీసుకున్నాడు. అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగానే పడ్డాయి.

"రిమార్క్స్‌లో ఏం రాయమంటారండీ?"

"మీరు నేర్పనిది ఒకటుంది కదా. అది నేర్చుకున్నానని రాయండి."

రాశాడు. యామిని లాగ్‌బుక్ తీసుకుని, సిరా ఆరిందో లేదో చూడటానికి పేజీని ముక్కు దాకా తెచ్చుకుంది. నీలం సిరా. గీత లేదు, చెత్త లేదు. ఈసారి ఎందుకైనా మంచిదని వాసన కూడా చూసింది.